సాపు చేసిన గీత

బ్యూరెట్ కడగడానికి ల్యాబ్ బాబాయ్‌కి ఒక పద్ధతి ఉంది. ముందు కుళాయి నీళ్ళు, తర్వాత పలచటి ఆమ్లం, మళ్ళీ రెండుసార్లు నీళ్ళు, చివర్లో డిస్టిల్డ్ వాటర్ ఒక గుక్కెడు. ఆ గుక్కెడు గాజు గొట్టం పొడుగునా ఎక్కడా చుక్క నిలవకుండా జారిపోతే శుభ్రపడ్డట్టు. ఒక్క చుక్క అంటుకున్నా మొదటికి రావాల్సిందే. ఇరవై రెండేళ్ళలో ఆ స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్ళు మారారు, బెంచీలు మారాయి, పైకప్పు ఒకసారి కారి మళ్ళీ బాగుపడింది. ఈ పద్ధతి మాత్రం మారలేదు.

ఆ సోమవారం కూడా ల్యాబ్‌లోనే వెనక వైపు తొట్టి దగ్గర నిలబడి అదే పనిలో ఉన్నాడు. ముందు వైపు మేడమ్ పరీక్ష పేపర్లు పంచుతోంది. ఆవిడ అసలు జువాలజీ మేడమ్. కప్ప గురించి అడిగితే కళ్ళు మూసుకుని చెప్పగలదు. మూడేళ్ళ క్రితం కెమిస్ట్రీ సారు బదిలీ మీద వెళ్ళిపోతే, కొత్తవాళ్ళు వచ్చేదాకా అని ఈ క్లాసు ఆవిడ మెడకు చుట్టారు. కొత్తవాళ్ళు రాలేదు. పాపం ఆవిడ రోజూ సాయంత్రం కూర్చుని చదువుకుని, మర్నాడు వచ్చి చెబుతుంది. ఎక్కడైనా సందేహం వస్తే గోడ వైపు చూస్తుంది.

గోడకు చూడదగ్గ సరుకే ఉంది. బోర్డుకు చెరో పక్కనా మనిషెత్తు చార్టులు రెండు. ఎడమ చార్టులో ఒక్కో మూలకానికి వరసగా గళ్ళు గీసి, ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లుంటాయో బాణాలతో చూపించారు. కుడి చార్టులో లిథియం నుంచి నియాన్ దాకా ఎనిమిది నల్లచుక్కలు, వాటి మీదుగా కింది మూల నుంచి పై మూలకు ఒక ఎర్రగీత. పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్ని ఊడబెరకడానికి ఎంత శక్తి కావాలో, అంటే అయనీకరణ శక్తి ఎంతో చెప్పే గీత అది. దారం లాగి కట్టినట్టుంటుంది. స్కూలుకు ఎవరొచ్చినా ముందు ఆ గీత ముందే ఆగుతారు. రెండు చార్టులూ గీసింది ల్యాబ్ బాబాయే. కింద కుడి మూల చీమంత అక్షరాలతో అతని పేరుంటుంది.

"మేడమ్, ఏడో ప్రశ్నకి నాకు సున్నా ఎందుకండీ?"

క్లాసంతా కిసుక్కుమంది. ఆ పిల్లకు క్లాసు పెట్టిన పేరు ఎందుకమ్మ. దర్జీ పని చేసే ఆవిడ రెండో కూతురు. ఏది చెప్పినా చివర ఒక 'ఎందుకండీ' తగిలిస్తుంది. గంట కొట్టాక కూడా తగిలిస్తుంది, అదే మిగతావాళ్ళ బాధ.

ఏడో ప్రశ్న చిన్నదే. నైట్రోజన్, ఆక్సిజన్, ఈ రెండిట్లో దేని అయనీకరణ శక్తి ఎక్కువ, కారణం రాయండి. రెండు మార్కులు. అందరూ ఆక్సిజన్ అని రాశారు. ఎందుకమ్మ ఒక్కతే నైట్రోజన్ అని రాసింది.

"గోడ మీద అంత గీత ఉంటే కనపడలేదా? ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పెరుగుతూ పోతుంది. నైట్రోజన్ తర్వాత ఆక్సిజన్. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవడానికేముంది?" అంది మేడమ్.

"నేను ఈ పక్క చార్టు చూసి రాశానండీ. నైట్రోజన్‌కి చివరి మూడు గళ్ళల్లో ఒక్కొక్కటే ఉంది. ఆక్సిజన్‌కి ఒక గడిలో రెండున్నాయి. ఒకే గదిలో ఇద్దరుంటే ఒకళ్ళని బయటికి పంపడం తేలిక కదండీ. మా ఇంట్లో నాకూ అక్కకీ ఒకటే గది. తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకళ్ళం బయటుంటాం."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. మేడమ్‌కి కూడా రాబోయి ఆగింది.

"మీ అక్క సంగతులు పరీక్షలో రాయకు. కూర్చో."

ఎందుకమ్మ కూర్చుంది. పేపరు పైన ముప్పై ఎనిమిది అని ఉంది. యాభైకి నలభై, ఆపైన వచ్చినవాళ్ళ పేర్లు ఒక పరిశోధన సంస్థలో పదిరోజుల శిక్షణకు పంపిస్తారు. అక్కడ పరమాణువుల్ని తూచే యంత్రం ఉంది, మాస్ స్పెక్ట్రోమీటరు. దాన్ని ముట్టుకోనిస్తారట. ఆ మాట విన్న రోజు నుంచీ ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవలేదు. శుక్రవారం మధ్యాహ్నం జాబితా వెళ్ళిపోతుంది.

తొట్టి దగ్గర బాబాయ్ చేతిలో బ్యూరెట్ అలాగే ఉంది. 'ఒక గడిలో రెండు' అన్న మాట దగ్గర అతని మనసు ఎక్కడో తట్టుకుంది. గొట్టంలో ఒక చుక్క అంటుకుని నిలిచింది. మళ్ళీ కుళాయి తిప్పాడు.

ఆ మధ్యాహ్నమే హెడ్‌మిస్ట్రెస్ పెద్ద మేడమ్ ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి, నవ్వు ఆపుకోలేక చెప్పేసింది. పోయిన నెల తనిఖీకి వచ్చిన అధికారికి ఎర్రగీత చార్టు తెగ నచ్చిందట. దాన్ని ఫోటో తీయించి, అచ్చేయించి, అన్ని స్కూళ్ళకీ పంపుతారట.

"శుక్రవారం పదింటికి ఫోటోగ్రాఫరు వస్తాడు. కింద మీ పేరు కూడా అచ్చులో పడుతుంది బాబాయ్. ఇస్త్రీ చొక్కా వేసుకు రండి, ఎందుకైనా మంచిది."

"చొక్కాని అచ్చెయ్యరు కదండీ," అన్నాడు బాబాయ్. అన్నాడే గాని, ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారిలో రెండుసార్లు తనలో తను నవ్వుకున్నాడు. మూడోసారి నవ్వబోతే 'ఒక గడిలో రెండు' గుర్తొచ్చింది.

మంగళవారం పొద్దున్నే విరిగిన తక్కెడలు పెట్టే బీరువా తెరిచాడు. సొట్ట మూతలూ చిల్లు గరాటులూ పక్కకు నెట్టి, అడుగు అరలోంచి ఒక అట్టలేని పుస్తకం బయటికి లాగాడు. చార్టులు గీసినప్పుడు పాత కెమిస్ట్రీ సారు ఇచ్చిన పుస్తకం. కావలసిన పేజీ దానంతటదే తెరుచుకుంది. అప్పట్లో అన్ని రోజులు దాన్నే తెరిచి పెట్టుకున్నాడు మరి.

బొమ్మ అగ్గిపెట్టెంత ఉంది. దాని మీద సన్నటి పెన్సిలు గళ్ళు, తన చేత్తో గీసినవే. చిన్న బొమ్మను పెద్దది చేయాలంటే ముందు దాని మీద గళ్ళు గీసుకోవాలి, చార్టు మీద అన్నే పెద్ద గళ్ళు గీసుకోవాలి, తర్వాత ఏ గడిలో ఉన్నది ఆ గడిలోకి ఎక్కించుకుంటూ పోవాలి. బాబాయ్ కళ్ళజోడు పైకి నెట్టి లెక్కపెట్టాడు. లిథియం. బెరీలియం. మూడోది బోరాన్ కాస్త కిందికి దిగింది. కార్బన్ పైకి. నైట్రోజన్ ఇంకా పైకి. ఆక్సిజన్ నైట్రోజన్ కన్నా ఒక గడి కింద ఉంది.

అతనికి మొత్తం గుర్తొచ్చేసింది. అంతకు ముందు చార్టులో గాజు గొట్టం బొమ్మ వేస్తే, సారు చూసి, గీత గీయమంటే వానపామును పాకించావేమయ్యా అన్నారు. నలుగురి ముందు అన్నారు. అందుకని ఈ చార్టుకు నాలుగడుగుల చెక్క స్కేలు తెచ్చుకున్నాడు. ఆరు చుక్కలు ఉరామరిగా ఒక వరసలో పైకి పోతుంటే రెండు చుక్కలు కింద వేలాడుతున్నాయి. అచ్చువాడి చెయ్యి వణికి ఉంటుందిలే అనుకున్నాడు. తన చెయ్యి వణికిందని మాత్రం ఎవరూ అనకూడదనుకున్నాడు. అన్నిటినీ వరసలోకి జరిపి, ముఖ్యంగా ఆ రెండిటినీ పైకెత్తి, స్కేలు ఆనించి, ఒక్క దెబ్బన గీత లాగాడు. శభాష్ అన్నారు సారు. ఆయనకు పాఠం కంఠతా వచ్చు, చార్టు చూసి చెప్పే అవసరం ఎప్పుడూ పడలేదు. చూసి చెప్పేవాళ్ళు తర్వాత వచ్చారు.

బాబాయ్ పుస్తకం మూసి, మళ్ళీ అడుగు అరలోనే పెట్టాడు. పైన గరాటులు యథాప్రకారం సర్దాడు. ఆ రోజంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు.

బుధవారం పరీక్షనాళికలు కడిగే వంతు ఎందుకమ్మది. బ్రష్షు తిప్పుతూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుందని బాబాయ్‌కి ఆమె వంతు అంటే ఇష్టం. పోయినసారి క్లోరిన్ గురించి మాట్లాడింది. పుస్తకంలో క్లోరిన్ బరువు ముప్పై అయిదున్నర అని రాస్తారు గాని, అంత బరువున్న క్లోరిన్ పరమాణువు లోకంలో ఒక్కటీ ఉండదట. ముప్పై అయిదువి కొన్ని, ముప్పై ఏడువి కొన్ని. ఆ యంత్రంలో వేస్తే రెండు గీతలు విడివిడిగా పడతాయట. 'మనం సగటు రాసేసుకుని ఊరుకుంటాం, అది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది బాబాయ్' అంది అప్పుడు.

ఇవాళ నోరు మెదపలేదు. పది నాళికలు కడిగాక తనే అడిగింది.

"బాబాయ్, ఆ రెండు చార్టులూ మీరే గీశారా?"

"ఆఁ."

"రెండిట్లో ఒకటి తప్పయి ఉంటుందా?"

బాబాయ్ స్టాండులో నాళికలు బోర్లిస్తున్నాడు. "ఏది?" అన్నాడు, అటే చూస్తూ.

"అది తెలిస్తే మిమ్మల్నెందుకడుగుతాను? నేనే ఏదో తికమక పడ్డట్టున్నాను. ఎర్రగీత అన్నేళ్ళ నుంచీ ఉంది కదా, అందరూ చూశారు. తప్పయితే ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు." చేతులు తుడుచుకుని నోట్‌బుక్ తీసి చూపించింది. గళ్ళ బొమ్మ మీద అడ్డంగా కొట్టేసి, కింద 'ఎడమ నుంచి కుడికి పెరుగును' అని అయిదుసార్లు రాసుకుంది. "మేడమ్ రాయమనలేదు. నేనే రాసుకున్నా, మర్చిపోకుండా."

ఆ అయిదు వరసలూ ఎంత చక్కగా ఉన్నాయో. బాబాయ్ చేతిలోని నాళిక కింద పెట్టాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. శుక్రవారం, ఫోటో, అన్ని స్కూళ్ళు, కింద పేరు, అన్నీ ఒక్కసారే నోటికి అడ్డం వచ్చాయి.

"చెయ్యి జాగ్రత్త, ఆ నాళిక అంచు విరిగింది," అన్నాడు. అంతకన్నా పిరికిమాట తన జన్మలో అనలేదని అతనికి అప్పుడే తెలుసు.

గురువారం మేడమ్ బంధాల పాఠం మొదలుపెట్టింది. సోడియం తన చివరి ఎలక్ట్రాన్ని ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది, రెండూ అతుక్కుంటాయి, ఉప్పు. అని బోర్డు మీద రాసి, అలవాటు కొద్దీ మూడో బెంచీ వైపు చూసి ఆగింది. సోడియం ఎందుకిస్తుందండీ, క్లోరిన్ ఎందుకివ్వదండీ అని రావాలి. దానికి జవాబు కూడా చదువుకుని వచ్చింది పాపం. ఎందుకమ్మ తల వంచుకుని రాసుకుంటోంది. మేడమ్ ఇంకో క్షణం ఆగి, తర్వాతి వాక్యంలోకి వెళ్ళింది. వెనక నుంచి చూస్తున్న బాబాయ్‌కి అన్నిటికన్నా ఆ ఆగడమే కష్టంగా అనిపించింది. రెండు మార్కులు పోతే పోయాయి. తన స్కేలు ఆ పిల్ల నోటికి తగిలిందని అతను అనుకున్నాడు.

బడి వదిలాక స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వెళ్ళాడు. మేడమ్ ఒక్కతే కూర్చుని జాబితా రాస్తోంది. ఏడు పేర్లు. గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదమ్మా. స్పిరిట్ లాంపులకి వత్తులు అయిపోయాయి."

"సరే, రాసిస్తాను."

వత్తులు రెండు డబ్బాలున్నాయి. అతనే పోయిన నెల తెచ్చాడు.

ఇంట్లో భార్య, ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆవిడ పని ఆస్పత్రిలో దుప్పట్లు మడతపెట్టడం, ఇంటికొచ్చినా చేతులు ఊరుకోవు. అతను పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాడు. పుస్తకం, రెండు చుక్కలు, స్కేలు, అయిదు వరసలు.

"ఇరవై ఏళ్ళ నుంచి నా చీర కుచ్చిళ్ళకి వంక పెడుతున్నావు, సాపుగా లేవని. నీ సాపు సంగతి ఇదన్నమాట," అంది ఆవిడ.

"ఎగతాళి చెయ్యకు."

"చెయ్యటం లేదు." మడత ఆపింది. "మా వార్డు నడవలో ఒక మెట్టుంది. పోయినేడు దాని మీద గచ్చు రంగే వేశారు, చూడ్డానికి ఒకటే నేలలా బాగుందని. రెండు రోజుల్లో ముగ్గురు పడ్డారు. మెట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు కదా."

బాబాయ్ ఒక తువ్వాలు అందుకుని మడత పెట్టబోయాడు. ఆవిడ దాన్ని లాక్కుని, "పేరు అచ్చులో పడకపోతే నీకు బాధేనా?" అంది.

"బాధే," అన్నాడు. "చాలా బాధ."

"అయితే బాధపడు. రేపు మాత్రం పొద్దున్నే వెళ్ళు."

శుక్రవారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. రంగు పనికి వేసుకునే పాతదే వేసుకున్నాడు. స్కూలు గేటు తెరిచే వేళకే వెళ్ళి, బీరువాలోంచి పుస్తకం తీసి, కుడి చార్టు దించి పొడుగు బల్ల మీద పరిచాడు. తెల్లరంగులో కాస్త జిగురు కలిపి, ఎర్రగీత మీదా చుక్కల మీదా ఒక పూత పూశాడు. ఆరాక రెండో పూత పూశాడు. ఎరుపు మొండిది, రెండో పూత కింద కూడా గులాబీ చారలా కనపడుతూనే ఉంది. దాని మీద పెన్సిలుతో గళ్ళు గీస్తుండగా మేడమ్ లోపలికి వచ్చింది. వెనకే క్లాసు కూడా.

"బాబాయ్, ఏం చేస్తున్నారు? గంటలో ఫోటోగ్రాఫరు వస్తాడు."

బాబాయ్ పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. వేలు చూపించాడు. వేలి చివర తెల్లరంగు ఉంది.

"గీత నేను సాపు చేశానమ్మా. పుస్తకంలో ఇక్కడా ఇక్కడా దిగింది. నేను పైకెత్తాను. ఆ అమ్మాయి రాసిందే రైటు."

మేడమ్ పుస్తకం మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది. ఎడమ చార్టు వైపు చూసింది, గళ్ళల్లో బాణాలు లెక్కపెట్టింది, మళ్ళీ పుస్తకం చూసింది. బాబాయ్ తిట్టుకోసం ఎదురుచూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసినట్టుంది.

"మూడేళ్ళుగా నేను ఈ చార్టు చూసే చెప్తున్నాను బాబాయ్," అంది ఆవిడ, నెమ్మదిగా, పిల్లలకు వినపడేలాగే. "నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి భయమేసి, గోడకేసి చూపించాను. ఆ పిల్ల మాట ఒక్క నిమిషం ఆలోచించినా తెలిసేది." ఎర్రపెన్ను తీసింది. "ఏదీ, నీ పేపరు."

ఎందుకమ్మ సంచీలోంచి పేపరు తీసి ఇచ్చింది. సున్నా కొట్టేసి రెండు వేసింది మేడమ్. పైన ముప్పై ఎనిమిది కొట్టేసి నలభై వేసింది. జాబితాలో ఎనిమిదో పేరు అక్కడే, ఆ బల్ల మీదే, రంగు డబ్బా పక్కన రాసింది.

"మరి ఆక్సిజన్ అని రాసినవాళ్ళకి?" అని ఎవరో వెనక బెంచీలోంచి గొణిగారు.

"వాళ్ళవి తీసెయ్యకండమ్మా," అన్నాడు బాబాయ్. "వాళ్ళు నా గీతను నమ్మి రాశారు. ఆ తప్పు నాది."

ఎనిమిది చుక్కలూ పెట్టడం అయింది. గీత లాగాలి. కుంచె ఎరుపులో ముంచి తీశాడు. చెయ్యి వణికింది. ఈసారి నిజంగానే వణికింది, వయసు వల్లో, ఇంతమంది చూస్తుండడం వల్లో. స్కేలు పక్కకు జారింది. ఎందుకమ్మ వచ్చి రెండు చేతులతో స్కేలు అదిమిపట్టింది. నైట్రోజన్ దాకా పైకి వెళ్ళిన గీత అక్కడ ఆగి, కిందికి దిగి, ఆక్సిజన్‌ని తాకి, మళ్ళీ పైకి వెళ్ళింది. ఒకచోట అంచు కాస్త చెదిరింది. బాబాయ్ దిద్దలేదు.

పదింటికి ఫోటోగ్రాఫరూ పెద్ద మేడమూ వచ్చారు. ఫోటోగ్రాఫరు అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. తడి ఆరితే మెరుపు పోతుంది గాని, కింద గులాబీ చార ఫోటోలో పడుతుందన్నాడు. పెద్ద మేడమ్‌కి విషయం చెప్పారు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇలా అతుకులతో అచ్చెయ్యరు బాబాయ్. ఈసారికి వేరే స్కూలు చార్టు ఏదో వేసుకుంటారు. మంచి పని చేశారు, అది కాదనను." ఇంకేదో అనబోయి, అతని పాత చొక్కా చూసి ఊరుకుంది.

"అలాగేనండీ," అన్నాడు బాబాయ్. బాధ వేసింది. భార్యకు చెప్పినంతే వేసింది, తక్కువ వెయ్యలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక చార్టు ఎత్తి మేకుకు తగిలించాడు. ఎందుకమ్మ దాని ముందు నిలబడి చూస్తోంది.

"ఎందుకు సాపు చేశారు బాబాయ్?"

నాలుగు రోజులకు ఆ 'ఎందుకు' విన్నాడు. బాబాయ్ కుంచె గుడ్డకు తుడుస్తూ, దాచకుండా చెప్పాడు. "నా చెయ్యి వణికిందంటారేమోనని భయమేసింది తల్లీ."

ఆ పిల్ల తలూపి మళ్ళీ చార్టు వైపు తిరిగింది. వేలు గాల్లో పెట్టి ఒక్కో చుక్కా చూస్తూ వచ్చి, మూడోదాని దగ్గర ఆగింది.

"మేడమ్, బోరాన్ దగ్గర కూడా దిగింది. ఆ గడిలో ఒక్కటే ఉంది కదా, ఇద్దరు లేరు. మరి అదెందుకండీ?"

క్లాసు కిసుక్కుమనబోయి మేడమ్ వైపు చూసింది. మేడమ్ గోడ వైపు చూడలేదు.

"నాకు తెలీదు," అంది. "సోమవారం చదువుకొచ్చి చెప్తాను. నువ్వూ ఆలోచించుకు రా." సుద్దముక్క తీసి, బోర్డు పైమూల 'బోరాన్ ఎందుకు దిగింది?' అని రాసి, చుట్టూ గీత గీసింది. "బాబాయ్, ఇది తుడవకండి."

ఆ సాయంత్రం బాబాయ్ తడిగుడ్డతో బోర్డంతా రోజూలాగే తుడిచాడు. పైమూల దాకా వచ్చాక గుడ్డను నెమ్మదిగా పక్కనుంచి తిప్పాడు, ఒక్క అక్షరానికీ తడి తగలకుండా.